చూసిన ముఖమే

నాలుగేళ్ల కిందట గంధం పండగనాడు అనుమసముద్రంపేట దర్గా దగ్గర జనంలో ఒకాయన నన్ను చూసి నవ్వాడు. నేనూ నవ్వాను. బాగా తెలిసిన మనిషే. పేరు గుర్తు రాదు, ఊరు గుర్తు రాదు, ఎక్కడ చూశానో అసలే రాదు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే తట్టింది. ఆత్మకూరు బస్టాండు దగ్గర టీ పోసే ఆయన! భుజం మీద తువ్వాలు, ముందర పొయ్యి లేకపోయేసరికి పోల్చుకోలేకపోయాను.

జార్జి మాండ్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980లో ఇలాంటి ఉదాహరణే ఇచ్చాడు. ఆయన చెప్పింది బస్సులో కనపడిన మాంసం కొట్టు మనిషి గురించి. ఎరిగిన ముఖం అనిపించడం ఒక పని, ఎక్కడ చూశామో జ్ఞాపకం తెచ్చుకోవడం ఇంకో పని అన్నాడు. ఆలోచననూ అలాగే విడదీశారు: చప్పున తట్టేది ఒకటి, నిదానంగా లెక్క తేల్చేది ఒకటి. డేనియల్ కానమన్ 2011లో రాసిన పుస్తకంతో ఆ మాట బాగా పాకింది.

కాదు, ఉన్నది ఒక్కటే అనేవాళ్లూ ఉన్నారు. ఆస్ట్రేలియాలో పనిచేసిన జాన్ డన్ 2004లో అలా వాదించాడు. లోపల ఉండేది ఒక ఆనవాలు, దానికి ఒక బలం. బలం ఎక్కువుంటే 'గుర్తుంది' అంటాం, తక్కువుంటే 'తెలిసినట్టుంది' అంటాం. ఎంత బలముంటే ఔననాలో ఆ గీత మాత్రం మనం గీసుకున్నదే. ఒక మాట నుంచి ఇంకో మాట తేలుతుందా లేదా అని ఆలోచించేటప్పుడూ ఇదే జరుగుతుందని మరికొందరు ప్రయోగాలు చేసి చెప్పారు.

మా తాత ఎలుకలు పట్టేవాడు. గట్టు మీద కలుగు చూడగానే 'ఇందులో ఉంది' అనేవాడు. ఎట్టా తెలుసు తాతా అంటే ముందు విసుక్కునేవాడు, తర్వాత ఒక్కొక్కటే చూపేవాడు. మన్ను పచ్చిగా ఉంది. కొరికిన వరి వెన్ను పక్కనే పడుంది. అదిగో, అవతల రెండో నోరు. ఆ నోరు మూసేశాకే కుండలో గడ్డి రాజేసి పొగ ఊదేవాడు. అది జ్ఞాపకమా, ఆలోచనా? మొదటి చూపులో ఉన్నదే తర్వాత మాటల్లోకి వచ్చిందనిపిస్తుంది నాకు. సరే, తాత పొరపాటు పడితే పోయేది ఒక పూట కూర.

నాకు పదిహేనేళ్లప్పుడు మా కాలనీలో ఒక అన్నను దొంగతనం కింద పట్టుకుపోయారు. ఒక రైతు బోరు మోటారు పోయింది. 'చూసిన ముఖమే' అన్నాడు రైతు. చూసిన ముఖమే మరి, ఆ అన్న ఆయన చేలోనే రెండేళ్లు కాపలా కాశాడు! ఎప్పుడు చూశావు, ఏ వెలుతురులో చూశావు అని ఎవరూ అడగలేదు. మూడు రోజులకు మోటారు వేరే ఊళ్లో దొరికింది. ఒక్క మాటైనా చెప్పకుండా వదిలేశారు. అన్న మళ్లీ ఆ ఊరికి పనికి పోలేదు.

రైతు అబద్ధమాడాడని ఇప్పటికీ అనుకోను. రెండున్నాయనే వాళ్ల లెక్కలో ఆయన మొదటిదాని దగ్గరే ఆగిపోయాడు. ఒక్కటే అనేవాళ్ల లెక్కలో గీతను బాగా కిందికి గీశాడు. యానాది ముఖం గనుక కాస్త ఆనవాలే చాలింది. ఊరి పెద్ద కొడుకైతే ఆ గీత ఎంత పైకి పోయేదో! నాకు ఈ రెండో లెక్కే ఎక్కువ గుచ్చుకుంటుంది. మనసులో రెండు యంత్రాలుంటే తప్పు ఒక యంత్రం మీదికి నెట్టేయొచ్చు. గీత మనదైతే, ఎందుకక్కడ గీశావని అడగొచ్చు.

నన్నూ అడగాల్సి వచ్చింది. పోయిన ఏడు మూడో తరగతిలో బోర్డు మీద నలభై ఎనిమిదిని ఆరుతో భాగించమన్నాను. మన కాలనీ పిల్ల ఒకతి నోటుబుక్కు తెరవకుండానే ఎనిమిది అంది. పక్కవాళ్లది చూసిందనుకున్నాను. అంతకుముందు వారం ఒక షావుకారు పిల్లవాడు అలాగే చెబితే 'చురుకైనోడు' అన్నది కూడా నేనే. నేనూ యానాదినే, అయినా!

లేపి అడిగాను. 'ఎట్టా చెప్పావమ్మీ?'

'మా అమ్మ చెరువు చేపలు కుప్పలేస్తాది సార్, ఆరిళ్లకి. మొన్న నలభై ఎనిమిది పడ్డాయి. ఇంటికి ఎనిమిదొచ్చాయి.'

అయితే గుర్తుపెట్టుకుని చెప్పిందన్నమాట, లెక్క రాదేమో అని మళ్లీ అనుమానం నాకు.

'యాభై పడుంటే?'

'ఇంటికి ఎనిమిదే. రెండు మా అమ్మకి. వల మాదే కద సార్.'