మలుపు తిరిగితేనే ఓరుగల్లు

ఖిలా వరంగల్‌లోకి ఎవరూ తిన్నగా పోలేరు. మట్టికోట దాటిన సంగతైతే నాకు తెలియనే లేదు, గడ్డి మొలిచిన దిబ్బేదో అనుకున్నాను. రాతికోట దగ్గరకి వచ్చేసరికి మాత్రం మా ఆటో గోడకి గుద్దుకోబోతున్నట్టు ముందుకుపోయి, హారన్ కొట్టి, పక్కకి తిరిగింది. మళ్లీ ఒక మలుపు. అప్పుడుగానీ లోపలి ఆకాశం కనబడలేదు. శత్రువు ఒక్క ఊపున దూసుకురాకుండా కాకతీయులు పెట్టిన వంకర దారి ఇది. ఇవాళ్టికీ పాలబండి కూడా దానికి తలవంచి, నెమ్మదించి పోవలసిందే!

గణపతిదేవుడు మొదలుపెట్టిన ఈ గోడను కూతురు రుద్రమదేవి పైకి ఎత్తించింది. నలభై అయిదు బురుజులు. ఈ కొస నుంచి ఆ కొసకి 1.2 కిలోమీటర్లు. సున్నం ఊసు లేదు, రాయి మీద రాయి తన బరువుతోనే నిలబడింది. ఒక సందులో వేలు పెట్టబోయాను, గోరు కూడా దూరలేదు. లోపలివైపు చూస్తే గోడ వెంబడి మెట్లే మెట్లు. ఏ దిక్కున అలికిడైతే ఆ దిక్కున ఎక్కడానికి.

ఆ మెట్ల కిందే ఒక పెద్దమ్మ మక్కలు ఆరబోసింది. పాదం ఈడుస్తూ, పసుపుపచ్చ గింజల్లో సాళ్లు తీస్తూ, అటు చివరికి పోయి మళ్లీ ఇటు వస్తోంది.

“ఏడికెల్లి వచ్చిండ్రు బిడ్డా?”

“బెజవాడ నుంచి పెద్దమ్మా. కోట చూద్దామని.”

“గీ రాళ్లు సూడనీకా!” అని నవ్వి, “ఎండ మీదికొచ్చింది, జర నీడకు కూసోండ్రి” అంది. కోటలో అతిథిని ఆదరించే అధికారం ఇప్పుడు ఆమెదే. నాకెంతో ముచ్చటేసింది. చాలా కోటల్లో గబ్బిలాలూ గైడులూ తప్ప ఎవరూ ఉండరు. ఇక్కడ ఇళ్లున్నాయి, పొలాలున్నాయి, బడికి పోయే పిల్లలున్నారు.

ఊరి నడుమ తోరణాలు. 2014లో తెలంగాణ రాజముద్రలోకి ఎక్కిన తోరణం ఇదేనని తెలిసే వెళ్లాను. తెలిసి ఏం లాభం? ఎదురుగా నిలబడితే మాట పడిపోయింది. 1323లో ఢిల్లీ సేనల చేతిలో ఓరుగల్లు పడిపోయింది, స్వయంభూ శివుడి గుడి నేలమట్టమైంది. గుడి చుట్టూ నాలుగు దిక్కులా నిలిపిన గుమ్మాలు మాత్రం మిగిలాయి. తలుపు లేదు, కప్పు లేదు. పైన రెండు కొసలా హంసలు, కింద తలకిందులుగా వేలాడే రాతి మొగ్గలు. ఒక మొగ్గ కింద చాలాసేపు నిలబడ్డాను. రేకులు విప్పడానికి ఇంకో పూట చాలన్నట్టుంది. ఎదుటి తోరణం ఈ తోరణంలో ఇమిడి, దూరాన బొమ్మ గుమ్మంలా కనిపిస్తోంది. మధ్యంతా విరిగిన స్తంభాలు, దూలాలు, పద్మాలు. శిల్పశాస్త్రం నాకు అక్షరం ముక్క రాదు. వస్తే ఇంత ఆశ్చర్యం ఉండేదా అని అనుమానం.

కోటలోనే ఉన్న పాత సభామందిరం ఖుష్ మహల్‌లో చల్లగా ఉంది, కాసేపు కూచుని వచ్చేశాను. సాయంత్రం ఊరికి పేరిచ్చిన ఒంటిరాతి గుట్ట ఎక్కాను. ఏకశిల. ఓరుగల్లు అన్నా అర్థం అదే. పొద్దున దిబ్బ అనుకున్న మట్టికోట పైనుంచి చూస్తే, 2.4 కిలోమీటర్ల అడ్డుకొలతతో, పొలాలనూ రాతికోటనూ పొదువుకున్న పచ్చటి కంకణంలా ఉంది. పొద్దున అన్న మాటకి సిగ్గుపడ్డాను.

తిరిగి వచ్చేటప్పుడు పెద్దమ్మ మక్కల్ని గోనెసంచిలోకి ఎత్తుతోంది. కోట వాకిట మొదటి మలుపు తిరగ్గానే ఆటో ఆగిపోయింది. ఎదురుగా ఇంటిదారి పట్టిన బర్రెలమంద, గోడ నుంచి గోడ దాకా. హారన్ కొట్టినా లాభం లేదని తెలిసినవాడిలా డ్రైవరు ఇంజన్ ఆపేశాడు. ఒక్కో బర్రె ఆటోను ఒరుసుకుంటూ, నింపాదిగా కోటలోకి నడిచిపోయింది.