భగవదనుభవము – మస్తిష్క శాస్త్రము

శ్రీవారి సన్నిధిలో భక్తునకు లభించు దర్శనము కొన్ని క్షణములు మాత్రమే. గంటల కొలది క్యూలో నిలిచి, ఆ దివ్యమంగళ విగ్రహమును చూచిన క్షణమున కోరదలచిన కోర్కెలన్నియు మరచి కన్నీరు కార్చువారు ఎందరో గలరు. ఒక తల్లి ఇల్లు చేరి ఆ సంగతి చెప్పినదనుకొనుడు. కళాశాలలో చదువుచున్న కుమారుడు “అమ్మా, అది మెదడులోని నరముల స్పందన మాత్రమే” అనును. ఆమె సమాధానము చెప్పలేక నొచ్చుకొనును. ఈ ప్రశ్న నేడు అనేక గృహములలో వినవచ్చుచున్నది. దీనికి భయపడ పనిలేదు; కసరి త్రోసిపుచ్చుటయు తగదు.

శాస్త్రజ్ఞులు కనుగొనినదేమో ముందుగా తెలిసికొందము. మెదడులోని విద్యుత్తరంగములను తలపైనుండియే నమోదు చేయవచ్చునని 1929లో జర్మనీ వైద్యుడు హాన్స్ బెర్గర్ ప్రకటించెను. 1961లో ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన ఆనంద్, ఛీనా, బల్దేవ్ సింగ్ అనువారు యోగులపై తమ పరిశోధనను ప్రకటించిరి. కన్నులు మూసి విశ్రాంతిగానున్న వానికి ‘ఆల్ఫా’ అను తరంగములు కలుగును. శబ్దమో, వెలుగో తగిలినచో అవి చెదరును. ధ్యానమగ్నులైన యోగులకు మాత్రము అట్టివి తగిలినను ఆ తరంగములు చెదరలేదు. 2006లో కెనడా దేశమున బోరెగార్, పకెట్ అనువారు పదిహేనుమంది క్రైస్తవ సన్యాసినులను పరీక్షించిరి. వారు తమ గాఢమైన దైవానుభవమును స్మరించునపుడు మెదడులో ఏదో యొక్క చోట గాక అనేక భాగములలో చలనము కనబడెను. మూర్ఛవ్యాధి గలవారిలో కొలదిమందికి, ఆ మూర్ఛ వచ్చు సమయమున దివ్యానందము వంటిది కలుగుటను కూడ వైద్యులు గుర్తించిరి.

ఇవి కాదనరాని విషయములు. కాని వీటివలన సిద్ధించునదెంత? అలిపిరి వద్ద నిలిచి శేషాచలమును చూచునపుడు మన తల వెనుక భాగమున దృష్టికి సంబంధించిన మెదడు పని చేయును. అంతమాత్రమున ఆ కొండ మన తలలో పుట్టినదని ఎవరును అనరు. ప్రసాదపు లడ్డు నోట వేసికొనినపుడును మెదడు చలించును. లడ్డు లేదనుట కది సాక్ష్యము కాదు. అట్లే భక్తుని మెదడు చలించినదన్న మాట భగవంతుడు లేడనుటకు సాక్ష్యము కాజాలదు. న్యాయముగా చెప్పవలెనన్న, కలడనుటకును అది సాక్ష్యము కాదు. అనుభవము ఏ మార్గమున నడచినదో యంత్రము చూపును; అది ఎవరి యొద్దనుండి వచ్చినదో చెప్పుట దాని పని కాదు.

మన విశిష్టాద్వైత సిద్ధాంతమున ఈ విషయము క్రొత్తది కాదు. జీవునకు ధర్మభూతజ్ఞానము అనునది కలదని మన ఆచార్యులు బోధించిరి. దీపమునకు కాంతి యెట్లో, ఆత్మకు ఈ జ్ఞానమట్లు. సంసారదశలో అది మనస్సు, ఇంద్రియముల ద్వారా ప్రసరించును. కర్మానుసారముగ సంకోచ వికాసములను పొందుచుండును. లాంతరు గాజు మసిబారిన వెలుగు తగ్గును, తుడిచిన పెరుగును. గాజును పరీక్షించుట ఉపయోగకరమే. కాని గాజే దీపమనుకొనుట పొరపాటు. శరీరము ఈశ్వరుడు ఇచ్చిన పరికరము గనుక, ఆయన అనుగ్రహము ఆ పరికరము ద్వారా రాకూడదను నియమమేమున్నది?

అట్లయిన వ్యాధి వలన కలిగిన భ్రాంతికిని, నిజమైన అనుభవమునకును భేదము తెలియుట ఎట్లు? ఇది నిజముగా కఠినమైన ప్రశ్న. దీనికి మన ప్రాంతపు తల్లి చరిత్రమే దారి చూపుచున్నది. తరిగొండ వెంగమాంబ (1730–1817) బాల్యముననే భర్తను కోల్పోయెను. తరిగొండ నృసింహస్వామి సన్నిధిలో ఒడలు మరచి కూర్చుండెడి ఆమెను చూచి గ్రామస్థులు పిచ్చిదనిరని పెద్దలు చెప్పుదురు. ఆనాడు ఈ యంత్రములుండినచో ఆమె తలపై అమర్చి ఏవో గీతలు చూపియుండెడివారు. ఆ గీతలను చూచి, ఈమె ‘వేంకటాచల మాహాత్మ్యము’, ‘ద్విపద భాగవతము’ రచించునని ఎవరు చెప్పగలిగి యుండెడివారు? తిరుమలలో ఏకాంతసేవ వేళ ఆమె పేర ముత్యాల హారతి నేటికిని జరుగుచున్నది. ఆమె పేరు గల అన్నప్రసాద భవనమున ప్రతిదినము వేలాది యాత్రికులు ఆకలి తీర్చుకొనుచున్నారు.

కావున అనుభవమును దాని ఫలమును బట్టి ఎరుగవలెను. కన్నీరు కార్చినవాడు ఇంటికి వచ్చి మునుపటికన్న వినయవంతుడయ్యెనా? కోపము తగ్గినదా? భాగవతులయందు, దీనులయందు ఆదరము పెరిగినదా? ఆచార్యుని మాటకును, శాస్త్రమునకును అతని నడవడి లోబడి యున్నదా? ఇవి మన పూర్వులు విధించిన పరీక్షలు. అహంకారము పెరిగి “స్వామి నాతోనే మాటలాడును” అని ఇతరులను బెదిరించువాని అనుభవమును, వాని మెదడు ఎట్లున్నను, మనము శంకింపవలసినదే.

మరియొక మాట. ఇంటిలో ఎవరికైనను లేని మాటలు వినబడుట, నిద్ర పట్టకపోవుట, మూర్ఛలు వచ్చుట జరిగినచో, దానిని దేవుడు పూనెనని దాచిపెట్టక వైద్యునికి చూపవలెను. ఔషధము తీసికొనుట భక్తికి లోపము కాదు. పరికరమును బాగుచేయించుకొనుట దానిని ఇచ్చినవానియెడల చూపు గౌరవమే.

ఆ తల్లి తన కుమారునితో ఇట్లు చెప్పవచ్చును: “నాయనా, నీవు చెప్పినది నిజమే, నా నరములు కదిలినవి. ఎవరిని చూచి కదిలినవో నేనెరుగుదును. ఆ కదలిక నన్ను మంచిదానిగా చేసినదో లేదో ఇక నీవే చూచుచుండుము.” ఇట్లు చెప్పగల ధైర్యమును, చెప్పిన మాటను నిలుపుకొను నడవడిని మనకందరకును శ్రీనివాసుడు అనుగ్రహించుగాక.