శభాష్ అను మాట చాలునా?

బుద్ధి వికాసమందు వెనుకబడిన బిడ్డ తన చొక్కా గుండీ పెట్టుకొనుటకు తంటాలు పడుచుండగా మనమేమి చేయుదుము? ఓపిక లేక మనమే పెట్టివేయుదుము. లేదా గుండీ పడినను పడకున్నను "శభాష్" అందుము. మొదటిది మంచిది కాదని అందరికిని తెలియును. రెండవదానిని ప్రేమ యని తలంచుచున్నాము.

ప్రియులారా, చెంబెడు నీళ్లు ఒలకబోసినప్పుడు తమ్మునికి చీవాట్లు, ఆ బిడ్డకు మాత్రము శభాష్! ఈ భేదము వాడు గ్రహింపడని యెట్లనుకొందుము? వీనివలన ఏమియు కాదని మనము ముందే తీర్మానించుకొన్నట్లు ఆ పొగడ్తయే చెప్పుచున్నది. అది జాలి, నమ్మకము కాదు.

1932లో ట్రోబ్రిడ్జ్, కాసన్ అను పరిశోధకులు కొందరి కండ్లకు గంతలు కట్టి మూడు అంగుళముల గీతలు గీయించిరి. ఫలితమేమియు తెలియజేయబడనివారు ఎన్ని సారులు గీచినను బాగుపడలేదు. ఒప్పు, తప్పు అని మాత్రమే విన్నవారు కొంత నేర్చిరి. ఎంత పొడవాయెనో, ఎంత పొట్టియాయెనో విన్నవారు అందరికంటె చక్కగా నేర్చిరి. వీరు మనము చెప్పుకొను పిల్లలవంటివారు కారు గాని, చేతికి నేర్పు వచ్చు త్రోవ ఇందులో కనబడుచున్నది. మెప్పు అక్కరలేదని మనమనము. పలుమారు ఓడి విసిగిన బిడ్డకు అది అన్నమువంటిది. అయితే గుండీ ఏ కాజాలోనికి పోవలెనో మెప్పు వ్రేలికి చెప్పదు. "కొంచెము క్రిందికి", "ఇప్పుడు బొటనవ్రేలితో నెట్టు" అను మాటలు చెప్పును. అవి పొట్టిగా, ఒక్కొక్కటిగా, వెంటనే చెప్పవలెను.

బేత్సయిదాలో గ్రుడ్డివానిమీద చేతులుంచిన తరువాత ప్రభువు అతనినే అడిగెను (మార్కు 8). అతడు ఉన్నదున్నట్లు చెప్పెను. సగము చూపును పూర్తి చూపని ప్రభువు మెచ్చుకొనలేదు, సగమే వచ్చెనని కసరుకొననులేదు, మరల చేతులుంచెను.

అడుగుట యెంత మేలో బ్రెజిలు దేశములో 2012లో ప్రకటింపబడిన ఒక పరిశోధనయు తెలుపుచున్నది. డౌన్ సిండ్రోము గల 30 మంది పెద్దవారికి చేతిని ఒక కొలత వరకు జరుపుట నేర్పిరి. ఫలితము ఎప్పుడు తెలుపవలెనో తామే కోరుకొన్నవారు, ఆ కోరిక లేకుండ అన్నిసారులే విన్నవారికంటె, మరునాడు ఏమియు చెప్పకున్నను బాగుగా చేసిరి.

కాబట్టి "ఎట్లు వచ్చినదో చెప్పనా?" అని ఆ బిడ్డనడిగి, జవాబు వచ్చువరకు ఊరకుండవలెను. నాట్లకు పోవు తొందరలో అది కష్టమే. సాయంకాలము, దీపము పెట్టిన తరువాత, ఒక్క గుండీకి సమయము దొరకును.