ద్రష్ట, దృశ్యం: బొగ్గుబావుల ప్రాంతపు వీడియో పాటలో స్త్రీ

పాట చాలాకాలం శ్రవ్యంగానే ఉంది. ఆ తరువాత సినిమాలో దృశ్యానికి తోడయింది. ఇప్పుడు దృశ్యం లేకుండా విడుదలయ్యే పాటే అరుదు. చరవాణి తెర మీద మొదట కనిపించేది బొమ్మ, తరువాత వినిపించేది గొంతు. ఈ మార్పును జానపద గేయ పరిశోధనలో ప్రచార సాధనాల మార్పుగా లెక్కించి ఊరుకుంటున్నాం. ఈ వ్యాసం దానిని ఒక నైతిక ప్రశ్నగా పరిశీలిస్తుంది. వీడియో పాటలో నటించిన స్త్రీ ఇష్టపూర్వకంగా పాల్గొంది, ప్రతిఫలం పొందింది, చూసేవారూ బలవంతాన చూడలేదు. అలాంటప్పుడు ఆ పాటలోని స్త్రీ చిత్రణ వల్ల ఎవరికైనా అన్యాయం జరిగిందనవచ్చునా? జరిగితే, గురైనది ఎవరు?

ఈ ప్రశ్నకు రామగుండం, గోదావరిఖని, గోదావరికి ఆవలనున్న మంచిర్యాల ప్రాంతాలను ఆధారంగా తీసుకోవడానికి కారణం ఉంది. సింగరేణి బొగ్గుబావుల చుట్టూ పెరిగిన ఈ పట్టణాల్లో శ్రమకు ప్రధాన రూపం పురుషుడు. అది ప్రకృతి నిర్ణయం కాదు, చట్ట నిర్ణయం. గత శతాబ్దపు తొలి దశకాల్లో భారతీయ బొగ్గుగనుల్లో స్త్రీలు భూగర్భంలో పెద్దసంఖ్యలో పనిచేశారు. 1952 నాటి గనుల చట్టం నలభైయారవ సెక్షన్ వారిని భూగర్భం నుంచి పూర్తిగా తప్పించింది, ఉపరితలంలో ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఏడు వరకే అనుమతించింది. 2019లో కేంద్ర ప్రభుత్వం ఈ నిషేధాన్ని కొంత సడలించింది. సాంకేతిక, పర్యవేక్షక, నిర్వహణ పనులకు పగటిపూట భూగర్భంలోకి, ఓపెన్‌కాస్టుల్లో రాత్రిపూట కూడా, లిఖితపూర్వక సమ్మతితో స్త్రీలను నియమించవచ్చునన్నది. సినిమాటోగ్రాఫ్ చట్టం కూడా 1952లోనే వచ్చింది. స్త్రీ దేహం ఏ వేళ ఎక్కడ పనిచేయరాదో ఒక చట్టం చెప్పిన ఏడాదే, తెర మీద ఏది చూపరాదో తేల్చే ఏర్పాటు మరొక చట్టం చేసింది. రెండూ రక్షణ పేరుతో వచ్చినవే. రెండింటిలోనూ స్త్రీ రక్షణ పొందే వస్తువే తప్ప మాట్లాడే వ్యక్తి కాదు.

ఆంగ్లంలో ఒకే మాటతో చెప్పే భావానికి తెలుగులో రెండు మాటలున్నాయి: చిత్రణ, ప్రాతినిధ్యం. ఒకరి బొమ్మ గీయడం చిత్రణ. ఒకరి తరఫున నిలబడడం ప్రాతినిధ్యం. గాయత్రీ చక్రవర్తి స్పివాక్ 1988 నాటి తన ప్రసిద్ధ వ్యాసంలో, మార్క్స్ జర్మన్ భాషలో వాడిన రెండు వేర్వేరు మాటలు ఆంగ్లంలో ఒకటైపోవడం వల్ల జరిగే మోసాన్ని విప్పి చూపింది. మన భాషలో ఆ మోసానికి తావు లేదు కాని, మరొక ఇబ్బంది ఉంది. మాటలు వేరు కావడంతో పనులు కూడా వేరనుకుంటాం. వీడియో పాటను చిత్రణగా మాత్రమే చర్చించి, అసభ్యమా సభ్యమా అని తేల్చి వదిలేస్తాం. ఆ చిత్రం ఎవరి తరఫున మాట్లాడుతున్నదన్న ప్రశ్న రాజకీయ శాస్త్రానికి పోతుంది.

గోదావరిఖని నుంచి వచ్చిన గాయని మధుప్రియ ప్రస్థానంలో ఈ రెండు పనులూ విడివడడం స్పష్టంగా చూడవచ్చు. పాఠశాల వయసులో ఆమె పాడిన 'ఆడపిల్లనమ్మా' పాట తెలంగాణ అంతటా వినిపించింది. ఆడపిల్లగా పుట్టడంలోని దుఃఖాన్ని 'నేను' అంటూ చెప్పే పాట అది. పాడుతున్నది ఆడపిల్ల, పాటలో ఉన్నదీ ఆడపిల్లే, వేదిక మీద కనిపిస్తున్నదీ ఆమే. గొంతు, దేహం, ఎవరి పక్షాన పాట పలుకుతున్నదో ఆ మనిషి, ముగ్గురూ ఒక్కచోట ఉన్నారు. అందుకే ఆ పాటకు సాక్ష్యానికి ఉండే బలం వచ్చిందని నా అభిప్రాయం. సాహిత్యపరంగా చూస్తే అందులో ఎత్తిచూపదగిన లోపాలు దొరకవచ్చు. సాక్ష్యాన్ని అలంకారశాస్త్రంతో కొలవలేం.

2017లో 'ఫిదా' చిత్రంలో 'వచ్చిండే', 2020లో 'సరిలేరు నీకెవ్వరు' చిత్రంలో 'హీ ఈజ్ సో క్యూట్' పాటల్లో అదే గొంతు వినిపిస్తుంది. తెర మీద మొదటిదానికి సాయిపల్లవి, రెండవదానికి రష్మిక మందన్న ఉన్నారు. నేపథ్యగానం ఉన్న సినిమాలో ఇది మామూలే. గమనించవలసింది మరొకటి. ఈ రెండు పాటల్లోనూ వాచ్యంగా చూసేది స్త్రీ, చూడబడేది పురుషుడు. వచ్చినవాడిని గురించి ఆమె చెబుతుంది, ముద్దొస్తున్నవాడిని ఆమె వర్ణిస్తుంది. వ్యాకరణంలో కర్త ఆమే. దృశ్యంలోకి వచ్చేసరికి ఛాయాగ్రాహక యంత్రం ఆమెవైపు తిరిగి ఉంటుంది. అద్వైత ప్రకరణ గ్రంథం 'దృగ్దృశ్య వివేకం' చూసేదానికీ చూడబడేదానికీ మధ్య భేదాన్ని తత్త్వవిచారానికి తొలిమెట్టుగా పెట్టింది. ఆ పరిభాషను కొంత స్వతంత్రించి వాడుకుంటే, ఈ పాటల్లో సాహిత్యం స్త్రీని ద్రష్టను చేస్తుంది, చిత్రీకరణ ఆమెను తిరిగి దృశ్యంగా మారుస్తుంది. పురుష దృష్టిని గురించి లారా మల్వీ 1975లో చేసిన ప్రతిపాదన ఇక్కడ సరిపోతుంది కాని, పూర్తిగా కాదు. ఆమె చర్చించినది బొమ్మను. పాటలో బొమ్మకు ఎదురు చెప్పే గొంతు ఒకటి ఉంది. వీడియో పాటను విశ్లేషించేటప్పుడు ఆ ఘర్షణను వదిలేస్తే సగమే చూసినట్టు.

చూడబడడమే దోషమని నేననడం లేదు. 'వచ్చిండే' పాటలో సాయిపల్లవి నృత్యం దేహాన్ని అఖండంగా చూపుతుంది. ఆ దేహానికి ఒక ఉద్దేశం, ఒక ఉత్సాహం ఉన్నాయని చూసేవారికి తెలుస్తుంది. దేహాన్ని ముక్కలుగా కోసి, నడుమును ఒకసారి, పెదవులను ఒకసారి చూపే చిత్రీకరణ వేరు. మన ప్రబంధాల్లో కేశాదిపాద వర్ణన ఉన్నది కదా, దానికీ దీనికీ తేడా ఏమిటని అడగవచ్చు. తేడా ఉంది. వరూధిని పెద్దన మాటల్లో తప్ప మరెక్కడా లేదు. పాఠకుని ఊహలో పూర్తయ్యే ఆమె దేహానికి అవమానం జరిగే అవకాశమే లేదు. పైగా ఆ ఘట్టంలో ప్రవరుణ్ణి చూసి మోహించేది ఆమె, ద్రష్ట ఆమె. వీడియోలో కోయబడిన నడుము ఒక బతికున్న మనిషిది. ఆ ముక్కకు ముఖం లేదు కనుక అక్కడ ఎవరి నడుమునైనా పెట్టవచ్చు. మార్తా నుస్బామ్ 1995లో మనిషిని వస్తువుగా చూడడంలోని ఏడు లక్షణాలను విడదీస్తూ, ఒకరి స్థానంలో మరొకరిని పెట్టగలమన్న భావనను వాటిలో ఒకటిగా చెప్పింది. వీడియో పాటల విషయంలో అన్నిటికంటే బరువైన లక్షణం అదేనని నాకు తోస్తుంది.

ఇక గోదావరిఖని పరిసరాలనే కథాస్థలంగా తీసుకున్న 'దసరా' (2023) చిత్రాన్ని చూద్దాం. దర్శకుడు శ్రీకాంత్ ఓదెల ఈ ప్రాంతపువాడు. సింగరేణి గనుల పక్కనున్నట్టు కల్పించిన వీర్లపల్లి ఊరిలో 'సిల్క్ బార్' ఉంటుంది. దాని గోడ మీద సిల్క్ స్మిత పెద్ద బొమ్మ. ఆ బారులోకి ఎవరు పోవచ్చునన్నది కులాన్ని బట్టి తేలే విషయంగా కథలో వస్తుంది. సిల్క్ స్మిత ఏలూరు దగ్గరి కొవ్వలిలో పుట్టిన తెలుగు స్త్రీ, 1996లో మరణించింది. ఆమె బొమ్మ ఇక్కడ అధికారానికి గుర్తుగా నిలిచింది. ఎవరు తాగుతారు, ఎవరు బయట నిలబడతారు అన్న పోరు అంతా పురుషుల మధ్యనే. ఆ పోరుకు గుర్తు ఒక స్త్రీ ముఖం. ఆ ముఖానికి సమ్మతి ఇచ్చే అవకాశం లేదు, కాదనే అవకాశం అంతకన్నా లేదు. ఒక కాలపు అభిరుచిని దర్శకుడు నిజాయితీగానే చూపాడనవచ్చు, కాదనను. కాని ఈ దృశ్యాన్ని గురించిన చర్చల్లో మద్యం వచ్చింది, కులం వచ్చింది, స్మిత రాలేదు.

అదే చిత్రంలో కాసర్ల శ్యామ్ రాసిన 'చమ్కీల అంగీలేసి' పాట తెలంగాణ పలుకుబడితో ఆలుమగల పరస్పర ఫిర్యాదుగా సాగుతుంది. పెళ్ళికి ముందు మెరుపులు చూపి, తరువాత తాగుడుకు లోబడిన మగడిని భార్య నిలదీస్తుంది. బొగ్గుబావుల కాలనీల్లో పెరిగినవారికి ఆ నిలదీత కల్పన కాదు. జీతం రోజున గేటు దగ్గర నిలబడే భార్యలను ఎరగనివారు ఇక్కడ తక్కువ. కథలో వెన్నెల అంగన్‌వాడీలో పనిచేస్తుంది. పాట బహుళ ప్రచారం పొందాక ఆ పని ఎవరికి గుర్తుంది? వేడుకల్లో ఆ పాటకు చిందేసేవారికి వెన్నెల పెళ్ళికూతురు మాత్రమే. కథ ఇచ్చిన ఉద్యోగాన్ని పాట ఊడదీసుకుంది. వీడియో పాట కథ నుంచి తెగి తిరిగే వస్తువు కనుక, స్త్రీకి కథలో ఉన్న వ్యక్తిత్వం ఆ ప్రయాణంలో మొదట రాలిపోతుంది.

మొదటి ప్రశ్నకు వస్తే, వీడియో పాటలో ముగ్గురు స్త్రీలున్నారు: గొంతు ఇచ్చినామె, దేహం ఇచ్చినామె, ఎవరిలాంటిదని పాట చెబుతున్నదో ఆమె. మొదటి ఇద్దరి సమ్మతి మూడవ ఆమె సమ్మతి కాదు. అన్యాయం జరిగితే మూడవ ఆమెకే జరుగుతుంది. గని కార్మికుని భార్య, పల్లె మరదలు, తండా పిల్ల అని పాట పేరుపెట్టి పిలిచే స్త్రీ ఒప్పంద పత్రంలో ఎక్కడా ఉండదు. దీనికి బలమైన ఆక్షేపణ ఉంది. సాహిత్యమంతా ఇలాంటిదే కదా? మధురవాణిని సృష్టించడానికి గురజాడ ఎవరి అనుమతి తీసుకున్నాడు? అల్లం రాజయ్య కథల్లోని శ్రామిక స్త్రీలు రచయితకు అధికార పత్రం రాసిచ్చారా? మూడవ వ్యక్తి సమ్మతి లేకపోవడమే అన్యాయమైతే రచనే అసాధ్యం. కనుక ప్రమాణం సమ్మతి కాజాలదు. ఆమెకు తిరిగి మాట్లాడే చోటు ఆ కృతిలో మిగిలిందా అన్నది ప్రమాణం కావాలి. మధురవాణి తనను బొమ్మను చేయజూసిన ప్రతివానికీ జవాబు చెబుతుంది. ముఖం లేని నడుము ఏం చెబుతుంది?

చట్టం ఈ ప్రశ్న అడగదు. 1986 నాటి స్త్రీల అసభ్య చిత్రణ నిషేధ చట్టం పేరులోనే దాని పరిమితి ఉంది. 2025 మార్చిలో తెలంగాణ మహిళా కమిషన్ సినిమా పాటల్లోని అశ్లీల నృత్య భంగిమలపై హెచ్చరిక చేసింది. హెచ్చరిక అవసరమే. అయితే నిండుగా చీర కట్టుకున్న స్త్రీ కూడా మాటలేని వస్తువు కావచ్చు. భంగిమను తీసేసినంత మాత్రాన మాట తిరిగి రాదు.

నిరాకరణను గురించి కూడా ఒక మాట. 2025లో విశేష ప్రచారం పొందిన 'రాను బొంబాయికి రాను' పాటలో స్త్రీ 'రాను' అనడమే పల్లవి. బావామరదళ్ళ సరసపు సంవాద గేయాల్లో కాదనడం ఆటలో భాగం, అవుననడానికి ముందు మెట్టు. వినేవారికి ఆ సంగతి తెలుసు, అదే ఆనందం. ఆ ప్రక్రియను నేను తప్పుపట్టను. అయితే ఇదే బొగ్గు ప్రాంతంలో 1981లో కార్మికులు 56 రోజులు పనిలోకి రామన్నారు, ఆ మాటను ఎవరూ సరసమనుకోలేదు. ఒకరి 'రాము' పోరాటంగా వినబడి, మరొకరి 'రాను' ముచ్చటగా మాత్రమే వినబడే చెవులు మనకు ఎలా ఏర్పడ్డాయి?

దీనికి భిన్నమైన ఉదాహరణ కూడా ఇక్కడిదే. మోహన భోగరాజు పాడి, తానే నటించిన 'బుల్లెట్టు బండి' 2021లో వచ్చింది. పుట్టినింటిని విడిచి మగని వెంట వచ్చే వధువు మాటగా అది సాగుతుంది. భావం పాతదే, ఇంకా చెప్పాలంటే సంప్రదాయానికి విధేయమైనదే. అదే ఏడాది ఆగస్టులో మంచిర్యాల జిల్లాలో ఒక వధువు బరాత్‌లో వరుని ఎదుట ఆ పాటకు ఆడింది. ఆ దృశ్యం దేశమంతా చూసింది. బరాత్‌లో ఆట మన దగ్గర మగపిల్లల సొత్తు, వధువు తలవంచుకుని కూర్చునేది. పాటలోని మాట ఒక్కటీ మారలేదు, అర్థం మారింది. మూడవ స్త్రీ పాటలోకి నడిచివచ్చి, తన పేరుతో చెప్పబడుతున్న మాటను తన దేహంతో చెప్పింది. వరుడు చూస్తూ నిలబడ్డాడు. ఇది విముక్తి అని నేననను. అత్తింటికి పోయే ప్రయాణాన్ని ఎంత హుషారుగా ఆడినా అది అత్తింటికి పోవడమే. అయినా ఆ పాటలో ఆమెకు చోటు దొరికింది. సాహిత్యపరంగా అంతకంటె పదునైన పాటలు ఎన్నిట్లోనో ఆ చోటు ఉండదు. పాఠాన్ని మాత్రమే చదివే పరిశోధకులు ఈ పాటను ఒక వాక్యంలో తీసిపారేస్తారు.

బతుకమ్మ పాట ఈ చర్చకు అవసరం. బతుకమ్మ ఆటలో స్త్రీలు వలయంగా, పూలవైపు ముఖం పెట్టి తిరుగుతారు. వలయానికి ముందు వెనుకలు లేవు. బయట నిలబడి చూసేవారికి ఎక్కువగా కనిపించేది వీపులే. ఆ ఆట ప్రేక్షకుని కోసం ఏర్పడినది కాదు. ఏటా విడుదలయ్యే బతుకమ్మ వీడియో పాటల్లో ఈ నిర్మాణం తలకిందులవుతుంది. యంత్రం ఉన్నవైపే ముందు అవుతుంది, వలయం విచ్చుకుని వరుస అవుతుంది, ఒక గాయని వరుస మధ్యకు వస్తుంది, మిగిలినవారు ఆమె వెనుక అలంకారమవుతారు. 2021లో గౌతమ్ మేనన్ దర్శకత్వంలో, ఏ.ఆర్. రెహమాన్ సంగీతంతో వచ్చిన 'అల్లిపూల వెన్నెల' వంటి ఖర్చుతో కూడిన కృతికీ, చిన్న పట్టణాల్లో తక్కువ పెట్టుబడితో తీసే పాటలకూ ఈ విషయంలో పెద్ద తేడా లేదు. అశ్లీలం ఛాయ కూడా లేని ఈ పాటల్లోనే ద్రష్ట దృశ్యంగా మారే క్రమం నిర్మలంగా కనిపిస్తుంది. పూలను చూస్తున్నవారిని మనవైపు తిప్పుకున్నాం.

గోదావరిఖని కాలనీల్లో సద్దుల బతుకమ్మ నాడు ఇప్పుడు చరవాణులు వలయం బయట నిలబడిన మగవారి చేతుల్లోనే కాక, లోపల తిరిగే అమ్మాయిల చేతుల్లోనూ ఉంటున్నాయి. ఒక చేత్తో చప్పట్లకు అంది అందకుండా, రెండో చేత్తో తీసిన ఆ చిత్రాల్లో ముందున్నామె జడ, పక్కామె గాజుల చేయి, ఊగిపోయే పూల కుప్ప తప్ప స్పష్టంగా ఏమీ కనిపించవు. పాట మాత్రం వినిపిస్తుంది. జానపద గేయాల సేకరణకు పనికిరావని వీటిని ఇప్పటివరకు ఎవరూ పట్టించుకోలేదు.