కామర్సూ చరిత్రా

కృత్తివెన్నులో ఇంటర్ ముగించిన ఒక అమ్మాయి రెండు డిగ్రీలు ఒకేసారి చదవాలనుకుంది: కాలేజీలో బీకాం ఆనర్సు, దూరవిద్యలో చరిత్ర బీఏ. 2022లో యూజీసీ అందుకు దారి తెరిచింది కాబట్టి కుదురుతుందా అన్న ప్రశ్న లేదు. కావాలా అన్నదే మిగిలింది. ఆ సంగతి తన హైస్కూలు మాస్టారిని అడిగింది.

"రెండూ ఎందుకమ్మా?"

"బీకాం ఉద్యోగానికి మాస్టారూ. చరిత్ర ఇష్టం."

"అలాగైతే చరిత్ర వద్దు. ఒకటి అవసరానికి, ఒకటి ఇష్టానికి అని పంచుకుంటే పరీక్షలప్పుడు అవసరం ఇష్టాన్ని మింగేస్తుంది."

"నేను సరిగా చెప్పలేదండీ. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచింది కదా. వంద కౌంటు రొయ్యకి ఎంత వస్తుందో, మేతకి ఎంతయిందో నాన్నకి తెలుసు. నష్టం పుస్తకంలో రాసుకున్నాడు. ఎక్కడో తీసుకున్న నిర్ణయం చెరువు కౌలుకి చేసేవాడి నెత్తినే ఎందుకు పడాలి? అది ఆ పుస్తకంలో లేదు."

"చరిత్ర పుస్తకంలో ఉంటుందా?"

"ఉండకపోవచ్చు. కానీ నష్టం ఎంతో కామర్సు చెప్తుంది. ఇదివరకు ఎవరెవరి మీద పడుతూ వచ్చింది, అది న్యాయమేనా అని అడగడం నాకింకా రాదు. ప్రశ్న ఒకటే మాస్టారూ, చదువులే రెండు."

మాస్టారు మెత్తబడ్డారు. రెంటినీ ఒకటే ప్రశ్నగా చూసే ఇలాంటి మనిషి ఆ దగ్గర్లోని బందరుకు కొత్త కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్య చదివింది వైద్యం. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావులతో కలిసి ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టి, చదువుతోపాటు చేతిపనులూ నేర్పించారు. 1923లో ఆంధ్రా బ్యాంకు స్థాపించారు, 1935లో కాంగ్రెస్ చరిత్ర రాశారు. డబ్బు సంగతీ దేశం సంగతీ ఆయనకు వేర్వేరుగా కనిపించలేదనే నా నమ్మకం.

మాస్టారు మాత్రం ఆయన పేరుతోనే అడ్డం తిరిగారు. "బ్యాంకు పెట్టడానికి ఆ డాక్టరుగారు ఇంకో డిగ్రీ చెయ్యలేదమ్మా. మిగతాదంతా పనే నేర్పింది. నువ్వు బీకాం చదువు. చరిత్ర పుస్తకాలు నేనిస్తాను."

"ఆయన మగవారండీ. పరీక్ష ఉందంటేనే మా ఇంట్లో నన్ను చదువుకోనిస్తారు. ఊరికే పుస్తకం పట్టుకుంటే ఖాళీగా ఉన్నానని పని చెప్తారు. నాకు హాల్‌టికెట్ కావాలి."

సర్టిఫికెట్ల మోజని మనం తీసిపారేసే వాటిలో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో! పుస్తకం ముందు కూర్చోవడానికి ఒక ఆడపిల్ల సంపాదించుకునే అనుమతి అది. దాన్ని ఎవరూ తక్కువ చేయకూడదు.

"సరే, రెండూ చెయ్యి. కానీ దూరవిద్యలో పుస్తకం పోస్టులో వస్తుంది, నిన్ను కాదనే మనిషి రాడు. చరిత్రకి ఎదురు వాదించేవాళ్లు కావాలి. ఒంటరిగా చదివితే ముందే ఉన్న అభిప్రాయాలే గట్టిపడతాయి."

"అయితే తిరగేద్దామండీ. చరిత్ర ఆనర్సు కాలేజీలో, బీకాం దూరవిద్యలో. జమాఖర్చులకి మా చెరువు పుస్తకం ఇంట్లోనే ఉంది."

"చరిత్రకి నాలుగేళ్లంటే మీ నాన్న ఒప్పుకుంటాడా?"

"మూడేళ్లకి ఆగినా డిగ్రీ వస్తుంది కదండీ. ఆ మూడేళ్లలో సుంకం సంగతి నాన్నకి అర్థమయ్యేలా చెప్పడం నేర్చుకుంటే, నాలుగో ఏడు ఆయనే చదివిస్తాడు."