నాదము, మైమరపు, కునుకు

సంగీతమున మైమరచుటయు నిద్రించుటయు ఒక్కటియేనా? కురుడుమలె ప్రాంతమున మన తెలుగు ఇండ్లలో వృద్ధులు నిద్రపట్టక సెల్‌ఫోనులో ఏదో పాట పెట్టుకొని కన్నులు మూయుచున్న ఈ దినములలో ఇది వ్యర్థప్రశ్న కాదు.

పల్లెజాతరలో తప్పెట ఒకే వరుసను మరల మరల మ్రోగించుచు వేగము పెంచగా కొందరికి ఆవేశము వచ్చును. మనస్సును వాద్యమునకు అప్పగించిన ఆ మనిషిని చుట్టునున్నవారు పట్టుకొందురు, నీరు చల్లుదురు, తెప్పరిల్లువరకు విడువరు. ఒంటరిగదిలో ఆ కాపుదల లేదు; వినెడి నాదమే కాపాడవలెను.

అందులకు తంబురాశ్రుతియు మందగతి ఆలాపనయు తగునని మా అభిప్రాయము. తంబురా నాలుగు తంత్రులును సామాన్యముగా పంచమ షడ్జములనే పలుకుచుండును. తరువాత ఏమి వచ్చునో యని చెవి కాచుకొన నక్కరలేదు. జోలపాటలకు పెద్దలు నీలాంబరిని మెచ్చుటయు ఎరిగినదే. బాగుగా తెలిసిన కీర్తన మాత్రము వలదు. మాటవెంట తలపు లేచును. (భక్తులు మన్నింతురుగాక!)

హఠయోగప్రదీపిక నాదానుసంధానమును లయమునకు ముఖ్యసాధనమన్నది. వేదాంతసారమో, లయమును సమాధివిఘ్నములలో మొదట లెక్కించినది. శబ్దమొకటియే, మొదటిది మనస్సు నాదమున కరగుట, రెండవది కునుకు. అలసిన దేహమునకు కునుకు దోషము కాదు. దానిని ధ్యానమని చెప్పుకొనుటయే మాకు సమ్మతము కాదు.

సమీపమున ముళబాగిలులో బృందావనస్థులైన శ్రీపాదరాజులు 15వ శతాబ్దిలో కన్నడమున పదములు రచించిరి. అట్టి పదములను భజనలో పాడునపుడు గొంతును చేతులును పనిచేయుచుండును గనుక, మైమరచినను కునుకు రాదు. అందుచే మేము సాయంకాలము భజనకు పోవుచున్నాము. రాత్రి తంబురాశ్రుతి అరగంటలో తానే ఆగునట్లు ఫోనులో అమర్చుకొంటిమి.