కాయ మారిన లింగము మారునా?



శుభకార్యములు సమీపించినప్పుడు మన యిండ్లలో వినవచ్చు మాట యొకటి కలదు: "ఈ వెండి లింగకాయ పాతబడినది. దీనినిచ్చి, పైసొమ్ము కలిపి, బంగారుకాయ చేయించుకొందము." కంసాలి పాతవెండిని తూచును, తరుగు తీయును, మజూరి చెప్పును. మిగిలిన వెల మనము చెల్లింతుము. ఇందు దోషమేమని మీరడుగవచ్చును.

మార్చుట దోషము కాదు. అరిగి, మూత బిగువు తప్పిన కాయను మార్చుట లింగరక్షణకై చేయవలసిన పనియే. అయితే మారునదేదో, మారనిదేదో తెలిసికొనవలెను. దీక్షాకాలమున గురువు కరస్థలమున నుంచిన యిష్టలింగమునకు మారకము లేదు. తూనిక లేదు, తరుగు లేదు. పేదవాని గుడ్డలో నున్నను, ధనికుని పసిడిలో నున్నను అది యొక్కటే. కావున పెరిగినది కాయ వెలయే గాని లింగమహిమ కాదు.

12వ శతాబ్దమున బసవేశ్వరుని కాలములో కల్యాణమునందు ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ అను శరణదంపతులుండిరి. రాలిన బియ్యపుగింజల నేరి తెచ్చి దాసోహము సలుపుట వారి కాయకము. ఒకనాడు మారయ్య నిత్యము కంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతసింపలేదు. ఈ అధికము ఆశవలన వచ్చినదని, ఇది శివునకు ఒప్పదని, తెచ్చినచోటనే పోసి రమ్మనెను. తక్కువనిచ్చి ఎక్కువ తెచ్చుకొనుట లోకరీతి. ఎక్కువను విడిచి, చాలినంతతో తిరిగివచ్చుట శరణరీతి. కాశ్మీర రాజ్యమును విడిచి కట్టెలమోపు తలకెత్తుకొన్నాడని శరణచరితలు చెప్పు మోళిగె మారయ్య చేసినదియు మారకమే. వెల పెరిగినది ఏ వైపునో యోచింపుడు.

నేడు వియ్యాలవారి యెదుట చిన్నతనమగునని అప్పుచేసి బంగారుకాయ చేయించు తండ్రులున్నారు. కాయ రొమ్మున మెరయును. వడ్డీ గుండెలో మండును. లింగపూజకు కూర్చున్నవాని మనస్సు లింగముపై నిలుచునా, బాకీపై నిలుచునా? మనశ్శాంతి నిచ్చి లోహమును కొన్నవాడు లాభపడినట్లా?

కావున కాయ మార్చదలచినవారు ముందుగా తమ్ము తామే ప్రశ్నించుకొనవలెను. ఈ పైసొమ్ము కాయకార్జితమేనా? దీనివలన మన యింట దాసోహమునకు లోటు కలుగదు గదా? రెంటికిని నిర్మలమైన సమాధానము దొరికిననే కంసాలి యింటికి పోవుదురు గాక. పాతకాయ గట్టిగా నున్నచో కరగింపక, గురువుల యనుమతితో, దీక్ష పొందు పేదబిడ్డకు సమర్పింపుడు. అప్పుడా వెండి తూనికకు అందని వెలను పొందును.